తప్పుడు ఫ్లాగ్ పడితే ఆఫీసుల చుట్టూ తిరిగేది ఎవరు? ఏఐ డిజైన్ అక్కడి నుంచే మొదలుపెట్టండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ప్రైవేటు కంపెనీలో డెవలపర్‌గా చేస్తున్నారు, ఒక ప్రభుత్వ శాఖ కోసం సంక్షేమ పథకాల్లో అనర్హులను పట్టుకునే, అంటే అనుమానం వచ్చినవాళ్ల రికార్డు మీద 'ఫ్లాగ్' అనే గుర్తు వేసే మెషీన్ లెర్నింగ్ సిస్టమ్ కట్టే టీమ్‌లో మిమ్మల్ని వేశారు, ప్రపోజల్‌లో 'బాధ్యతాయుతమైన ఏఐ సూత్రాలు' అని ఒక పేజీ పెట్టమని మేనేజర్ చెప్పారు. మీరు 2019 నాటి ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) సూత్రాలు, 2021లో నీతి ఆయోగ్ ఇచ్చిన ఏడు సూత్రాలు, అదే ఏడాది వచ్చిన యునెస్కో సిఫార్సు అన్నీ చదివారు. అన్నిట్లో భద్రత, సమానత్వం, గోప్యత, పారదర్శకత, జవాబుదారీతనం అనే మాటలే ఉన్నాయి, వాటిని కోడ్‌లోకి ఎలా దించాలో అర్థం కావట్లేదు, పైగా 'నేను చిన్న ఉద్యోగిని, నా చేతిలో ఏముంది' అన్నారు.

మీ చేతిలో చాలానే ఉంది. నేను ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ప్రభుత్వ రికార్డులను ఒకదానితో ఒకటి జతచేసే పనిలోనే గడిపాను, ఆ అనుభవంతో చెబుతున్నాను. ఆ డాక్యుమెంట్లు చెడ్డవి కావు, చదవడం మంచిదే. కానీ మీలాంటి సిస్టమ్‌లో అన్నిటికంటే ముందు తేల్చాల్సిన ప్రశ్న ఒకటుంది, దానికి జవాబు దొరికితే మిగతా సూత్రాలన్నీ దాని వెనకే వస్తాయి. మెషీన్ పొరపాటు పడిన రోజున ఆ పొరపాటును సరిచేయించుకునే భారం ఎవరి మీద పడుతుంది? శాఖ మీదా, రేషన్ కార్డు రద్దయిన మనిషి మీదా? ఇది పాలసీ వాళ్లు చూసుకునే విషయం అనుకోకండి. టేబుల్ డిజైన్‌లో, డిఫాల్ట్ విలువల్లో, ఏ స్టేటస్ తర్వాత ఏ స్టేటస్ వస్తుందనే దాంట్లో ఇది మీకు తెలియకుండానే నిర్ణయమైపోతుంది.

మనకు దగ్గరి ఉదాహరణ తెలంగాణలోని సమగ్ర వేదిక. రకరకాల ప్రభుత్వ శాఖల డేటాను పేరు, చిరునామా లాంటి వివరాల ఆధారంగా కలిపి, ఒక్కో మనిషికి ఒక పూర్తి ప్రొఫైల్ తయారుచేసే వ్యవస్థ అది. సంక్షేమ పథకాల అర్హత చూడటానికీ దాన్ని వాడారు. 2014 నుంచి 2019 మధ్య తెలంగాణలో 18.6 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి, 1.42 లక్షలకు పైగా కొత్త దరఖాస్తులు తిరస్కరణకు గురయ్యాయి, ముందు నోటీసు ఇవ్వలేదు. అన్నీ ఆ సాఫ్ట్‌వేర్ వల్లే పోయాయని నేను అనడం లేదు. కానీ విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2022 ఏప్రిల్‌లో కోర్టు రద్దయిన కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించమని చెప్పాక బయటపడిన లెక్క చూడండి. ఆ ఏడాది జూలై నాటికి 2,05,734 దరఖాస్తులు పరిశీలిస్తే 15,471 కుటుంబాలు అర్హులేనని తేలింది. అంటే 7.5 శాతం, సుమారు 13 కుటుంబాల్లో ఒకటి. అప్పటికి వాళ్లకు ఏళ్ల తరబడి బియ్యం ఆగిపోయి ఉన్నాయి. మనిషికి నెలకు 6 కిలోలు అంటే జీతం వచ్చే మనకు పెద్దగా కనిపించకపోవచ్చు, ఐదుగురున్న ఇంట్లో అది నెలకు 30 కిలోలు.

2024 జనవరిలో అల్ జజీరా, రిపోర్టర్స్ కలెక్టివ్ కలిసి ప్రచురించిన కథనాల్లో హైదరాబాద్‌కు చెందిన ఒక కుటుంబం గురించి ఉంది. ఇంటాయన రిక్షా తొక్కేవాడు. రికార్డుల్లో మాత్రం ఆయనకు కారు ఉన్నట్టు వచ్చింది. ఆ కారు నిజానికి దాదాపు అదే పేరున్న మరొకరిది. కార్డు పోయింది, ఆ ఇల్లాలు హైకోర్టు మెట్లు ఎక్కాల్సి వచ్చింది. ఇక్కడ పేర్ల దగ్గర సాఫ్ట్‌వేర్ పొరబడటాన్ని నేను పెద్ద నేరంగా చూడను, పేర్లతో జతచేసే ఏ సిస్టమైనా కొన్నిచోట్ల పొరబడుతుంది, అది అందరికీ తెలిసిందే. నన్ను బాధపెట్టేది ఆ తర్వాత జరిగింది. పొరబడుతుందని తెలిసిన సిస్టమ్ మాటను రుజువుగా తీసుకున్నారు, రిక్షా తొక్కే మనిషిని 'నాకు కారు లేదు' అని నిరూపించుకోమన్నారు. లేని వస్తువు లేదని ఎవరైనా ఏ కాగితంతో నిరూపిస్తారు?

ఈ రోగం మనదొక్కటే కాదు. ఆస్ట్రేలియాలో రోబోడెట్ అని 2016లో మొదలైన పథకం ఉంది, అందులో మెషీన్ లెర్నింగ్ కూడా లేదు, ఉన్నది ఒక భాగహారం. పన్ను శాఖ దగ్గరున్న ఏడాది ఆదాయాన్ని 26 పక్షాలకు (రెండేసి వారాలకు) సమానంగా పంచేసి, నువ్వు భృతి తీసుకున్న రోజుల్లో కూడా నీకు ఆదాయం ఉంది కాబట్టి డబ్బు తిరిగి కట్టు అని ఆటోమేటిక్‌గా నోటీసులు పంపారు. ఆరు నెలలు పనిచేసి ఆరు నెలలు ఖాళీగా ఉన్నవాళ్లు ఆ లెక్కలో మోసగాళ్లుగా తేలారు. కాదని చెప్పాలంటే ఏళ్లనాటి జీతం కాగితాలు వాళ్లే వెతికి తేవాలి. 2019లో కోర్టులో అది చట్టవిరుద్ధమని తేలింది, 2020లో సుమారు 4.7 లక్షల అప్పులకు సంబంధించి 72 కోట్ల డాలర్లకు పైగా తిరిగి ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది, 2023లో దాని మీద విచారణ జరిపిన రాయల్ కమిషన్ నివేదిక వచ్చింది. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం విషయంలో పన్ను శాఖ వాడిన రిస్క్ మోడల్, మనిషికి డచ్ పౌరసత్వం ఉందా లేదా అన్నదాన్ని కూడా ఒక అంశంగా తీసుకుంది. వేల కుటుంబాలను మోసగాళ్లుగా ముద్రవేసి, తీసుకున్నదంతా తిరిగి కట్టమన్నారు. 2021 జనవరిలో అక్కడి కేబినెట్టే రాజీనామా చేసింది. మూడు దేశాల్లో మూడు రకాల టెక్నాలజీ, మూడు చోట్లా ఒకటే డిజైన్: మెషీన్ అనుమానించగానే శిక్ష మొదలు, నిర్దోషినని చెప్పుకునే పని మనిషిది.

ఇక మీ పని దగ్గరికి వద్దాం.

ముందు పేర్ల సంగతి. మీ టీమ్‌లో ఎవరో ఒకరు 'ఫజీ మ్యాచింగ్ లైబ్రరీ ఉంది, పెట్టేద్దాం' అంటారు, అంటే దాదాపు ఒకేలా ఉన్న పేర్లను జతచేసే రెడీమేడ్ కోడ్. అది ఎవరి పేర్ల కోసం తయారైందో చూడండి. పేరు పలికే తీరును బట్టి దానికొక కోడ్ ఇచ్చే, ఇప్పటికీ చాలాచోట్ల వాడే సౌండెక్స్ పద్ధతి 1918లో అమెరికాలో పేటెంట్ అయింది, అక్కడి ఇంటిపేర్ల కోసం. దానికి మన పేర్లు ఇచ్చి చూడండి. ఎక్స్‌తో రాసిన లక్ష్మి, కె-ఎస్-హెచ్‌తో రాసిన లక్ష్మి రెండూ ఒకే కోడ్‌లో పడతాయి, బాగానే ఉంది. కానీ లక్ష్మమ్మ, లక్ష్మణ ఇద్దరికీ ఎల్255 అనే ఒకే కోడ్ వస్తుంది. ఆడమనిషి, మగమనిషి ఒకటైపోయారు. మరోవైపు వహీదా అనే పేరును ఒక ఆఫీసులో వి-తో, ఇంకో ఆఫీసులో డబ్ల్యూ-తో రాస్తే మొదటి అక్షరం మారింది కాబట్టి ఆమె ఇద్దరు మనుషులవుతుంది. ఇవి కాక మన దగ్గర ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట ఒట్టి ఇనీషియల్. పెళ్లయ్యాక ఆధార్‌లో ఒక ఇంటిపేరు, రేషన్ కార్డులో ఇంకోటి. షేక్, సయ్యద్, మహమ్మద్ లాంటివి పేరులో భాగమే అయినా లైబ్రరీకి అవి ఇంటిపేర్లలా కనిపిస్తాయి, దాంతో పాతబస్తీలో ఒకే వార్డులో ఎంతోమంది ఒకరికొకరు 'దాదాపు మ్యాచ్' అయిపోతారు. అంటే తప్పులు అందరి మీదా సమానంగా పడవు. ఒక మతం వాళ్ల మీదో, పెళ్లయి ఊరు మారిన ఆడవాళ్ల మీదో ఎక్కువ పడతాయి. మోడల్‌లో మతం, కులం కాలమ్ లేవు కాబట్టి వివక్ష లేదని మీ మేనేజర్ ప్రపోజల్‌లో రాస్తారు. ఆ వాక్యం రాయనివ్వకండి. ఏ గుంపులో తప్పుడు మ్యాచ్‌లు ఎంత శాతమో విడివిడిగా కొలిచి ఆ పట్టిక పెట్టమనండి.

రెండో విషయం, డేటా ఎక్కడ పుట్టిందో వెళ్లి తెలుసుకోండి. వాహనాల డేటా తీసుకుందాం. ఊళ్లో పాత కారు అమ్మేసినవాళ్లలో చాలామంది ఆర్‌సీ బదిలీ చేయించరు, ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చేస్తారు, కొన్నవాడు ఎప్పుడో మార్పించుకుంటాడు, లేకపోతే లేదు. రికార్డులో కారు ఇంకా పాత యజమానిదే. ఫైనాన్స్ మీద డ్రైవర్ పేరిట తీసుకున్న టాక్సీ ఉంటుంది, అది ఆస్తి కాదు, ఆ ఇంటికి బతుకుతెరువు. ఆంధ్రప్రదేశ్‌లో సంక్షేమ పథకాలకు 'సిక్స్ స్టెప్ వాలిడేషన్' అని జనం పిలిచే అర్హత పరీక్షలో టాక్సీ, ఆటో, ట్రాక్టర్లకు మినహాయింపు ఇచ్చారు, సరైన పనే, కానీ మినహాయింపు పనిచేయాలంటే మీకొచ్చే డేటాలో వాహనం రకం అనే కాలమ్ సరిగ్గా నిండి ఉండాలి. అదే పరీక్షలో నెలకు 300 యూనిట్ల కరెంటు నిబంధన కూడా ఉంది. అన్నదమ్ములు మూడు పొయ్యిలు పెట్టుకుని ఒకే మీటర్ మీద ఉంటే? ఇంటి ఓనర్ ఆధార్‌కు కింద అద్దెకున్నవాళ్ల మీటర్లు కూడా లింక్ అయి ఉంటే? కరెంటు వాడకం సంపదకు గుర్తు అనుకున్నది మనం, మీటర్ అలా చెప్పలేదు.

ఈ 'దేనికి బదులు దేన్ని కొలుస్తున్నాం' అనే విషయం మీద కాసేపు నిలబడాలి, చాలా టీమ్‌లు ఇక్కడ ఆలోచించకుండా దాటేస్తాయి. అమెరికా ఆసుపత్రుల్లో ఎవరికి అదనపు వైద్య సాయం అవసరమో చెప్పే ఒక అల్గారిథమ్‌ను పరిశోధకులు పరిశీలించి 2019లో సైన్స్ పత్రికలో రాశారు. అది జబ్బు తీవ్రత బదులు వైద్యానికి అయిన ఖర్చును అంచనా వేసింది. నల్లజాతివాళ్లకు వైద్యం అందుబాటు తక్కువ కాబట్టి వాళ్లమీద ఖర్చు తక్కువ, అందువల్ల మోడల్ వాళ్లను ఆరోగ్యవంతులుగా చూసింది. ఆ లోపం సరిచేస్తే అదనపు సాయం పొందేవాళ్లలో నల్లజాతివాళ్ల వాటా 17.7 నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని లెక్క తేలింది. మోడల్ తన పని తాను కచ్చితంగా చేసింది, దానికి అప్పగించిన పనే తప్పు. మీ ప్రాజెక్టులో ట్రైనింగ్ డేటా, అంటే మోడల్ చూసి నేర్చుకునే పాత డేటా ఏమిటని అడగండి. 'గతంలో రద్దయిన కార్డులు' అని జవాబొస్తే అక్కడే ఆపండి. గతంలో రద్దయినవాటిలో తప్పుగా రద్దయినవి ఉన్నాయని పైన కోర్టు తర్వాతి లెక్కే చెబుతోంది కదా, ఆ తప్పులనే మోడల్‌కు పాఠంగా చెప్పి, రేపు అవే తప్పులు మరింత వేగంగా చేయిస్తారు.

ఇప్పుడు కాగితం మీద ఒక లెక్క వేయండి, మీటింగ్‌లో బోర్డు మీద వేస్తే ఇంకా మంచిది. ఒక రాష్ట్రంలో కోటి కార్డులున్నాయనుకోండి. వాటిలో నిజంగా అనర్హులు 2 శాతం, అంటే 2 లక్షలు అనుకుందాం. మీ మోడల్ అనర్హుల్లో 95 శాతాన్ని పట్టుకుంటుంది, అర్హుల్లో 5 శాతాన్ని మాత్రమే పొరపాటున పట్టుకుంటుంది. వినడానికి చాలా మంచి మోడల్. ఫ్లాగ్ పడే అనర్హులు 1.9 లక్షలు. మిగతా 98 లక్షల అర్హుల్లో 5 శాతం అంటే 4.9 లక్షలు. మొత్తం 6.8 లక్షల ఫ్లాగుల్లో 72 శాతం మంది ఏ తప్పూ చేయనివాళ్లు. '95 శాతం అక్యురసీ' అని స్లైడ్ మీద చూసి శాఖ కార్యదర్శి, ఫ్లాగ్ పడినవాళ్లలో నూటికి 95 మంది దొంగలనుకుంటారు. ఆయన తప్పు లేదు, మనం చెప్పిన తీరు తప్పు. అందుకని స్లైడ్ మీద అక్యురసీ రాయకండి, 'ఫ్లాగ్ పడిన ప్రతి 100 మందిలో నిజంగా అనర్హులు ఇంతమంది' అని రాయండి. ఈ ఒక్క మార్పు మీ స్థాయిలో మీరే చేయగలరు.

నల్ విలువల గురించి, అంటే రికార్డులో ఖాళీగా ఉన్న గళ్ల గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను. ఆదాయం ఖాళీ, మొబైల్ నంబర్ ఖాళీ, ఆధార్ సీడింగ్ కాలేదు, ఈకేవైసీ పెండింగ్. కోడ్‌లో ఆ మనిషి ఏ దారిలో వెళతాడు? నేను చూసినవాటిలో చాలాచోట్ల షరతు రాసినవాళ్లకు ఈ ప్రశ్నే తట్టలేదు, 'అర్హత రుజువైతే అర్హుడు, లేకపోతే కాదు' అన్నట్టు ఎల్స్ బ్రాంచిలోకి, అంటే షరతు నెగ్గనివాళ్లందరూ వెళ్లే దారిలోకి పడిపోతాడు. వేలిముద్ర పడని ముసలివాళ్లు, వలస వెళ్లినవాళ్లు, గూడేల్లో ఉన్నవాళ్లు, అంటే పథకం ఎవరికోసం పెట్టారో వాళ్లే ఆ ఎల్స్ బ్రాంచిలో ఉంటారు. ఖాళీని ఖాళీగానే ఉంచండి. 'సమాచారం లేదు' అనేది 'అనర్హుడు'తో సంబంధం లేని వేరే స్టేటస్‌గా ఉండాలి, ఆ స్టేటస్‌లో ఉన్నంతకాలం లబ్ధి ఆగకూడదు.

దీని పక్కనే స్టేటస్‌ల వరస. 'ఫ్లాగ్' నుంచి నేరుగా 'రద్దు'కు వెళ్లే బాణం మీ డిజైన్‌లో ఎక్కడా ఉండకూడదు. మధ్యలో నోటీసు, నోటీసు అందినట్టు నిర్ధారణ, గడువు, ఇంటికెళ్లి పరిశీలన, సంతకం పెట్టే అధికారి ఉండాలి, అన్నీ అయ్యేదాకా బియ్యం వెళుతూనే ఉండాలి. పరిశీలన శాఖ ఆలస్యం చేస్తే ఆ ఆలస్యం ఖర్చు శాఖే భరించాలి. గడువు ముగిసేలోపు శాఖ పరిశీలించలేకపోతే ఫ్లాగ్ దానంతట అదే రద్దు కావాలి తప్ప కార్డు రద్దు కాకూడదు. ఇక్కడ టైమర్ ఏ వైపు తిరుగుతుందనేదే మీ సిస్టమ్ స్వభావాన్ని నిర్ణయిస్తుంది, దాని మీద మీరు గట్టిగా పట్టుబట్టాలి.

నోటీసు ఎలా ఉండాలో కూడా చెబుతాను. 'సిస్టమ్ పరిశీలనలో మీరు అనర్హులుగా గుర్తించబడ్డారు' అని వస్తే సచివాలయంలో కూర్చున్న ఉద్యోగికి కూడా ఎందుకో చెప్పడం కుదరదు. ఇలా రాయండి: 'మీ ఇంట్లో ఫలానా పేరుగల వ్యక్తికి కారు ఉన్నట్టు రవాణా శాఖ రికార్డు చూపిస్తోంది. కారు నంబరులో చివరి నాలుగు అంకెలు ఇవీ. ఈ కారు మీది కాకపోయినా, అమ్మేసినా, ఈ కాగితం వెనక టిక్కు పెట్టి రేషన్ డీలర్‌కు ఇవ్వండి. మేమే రవాణా శాఖలో చూసుకుంటాం. అప్పటివరకు మీ బియ్యం ఆగవు.' తెలుగులో, పెద్ద అక్షరాల్లో, ఉర్దూ చదివేవాళ్లకు ఉర్దూలో. ఎస్‌ఎంఎస్ ఒక్కటే పంపి చేతులు దులుపుకోవద్దు, ఆ నంబరు మూడేళ్ల కిందటిదై ఉంటుంది, లేదా ఇంట్లో పట్నం వెళ్లిన కొడుకుదై ఉంటుంది. చదువురానివాళ్లకు ఫోన్ చేసి వినిపించండి, రేషన్ షాపు గోడ మీద పెట్టండి, అయితే గోడ మీద పెట్టేదాంట్లో పేరు తప్ప కారణం ఉండకూడదు, ఊరంతటికీ వాళ్లింటి సంగతులు చెప్పే హక్కు మనకు లేదు.

అన్నట్టు, ఇలాంటి నోటీసు రాయగలగాలంటే కారణం ఒక్క వాక్యంలో చెప్పగలిగే మోడల్ ఉండాలి. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఒక మనిషికి తిండి, పింఛను ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయంలో, వందల ఫీచర్లు (మనిషి గురించిన వివరాలు) కలిపి 0.83 అని స్కోరిచ్చే మోడల్‌కు చోటు లేదు. అక్కడ రాతపూర్వక నిబంధనలు చాలు. నిబంధన కఠినంగా ఉన్నా దానితో వాదించవచ్చు, మార్చమని ధర్నా చేయవచ్చు, కోర్టులో సవాలు చేయవచ్చు. 0.83తో ఎవరు ఎలా వాదిస్తారు? మోడల్‌ను వాడాలనుకుంటే రెండోవైపు వాడండి: అర్హత ఉండీ పథకం అందని వాళ్లెవరో వెతకడానికి. వితంతు పింఛనుకు అర్హురాలై దరఖాస్తే పెట్టుకోని మనిషిని మోడల్ పొరపాటున చూపిస్తే, ఒక ఉద్యోగి ఒక ఇంటికి అనవసరంగా వెళ్లొస్తాడు, అంతే నష్టం. అదే టెక్నాలజీ, అదే తప్పుల శాతం, కానీ ఇక్కడ తప్పు భారం మోయగలిగేవాళ్ల మీద పడుతుంది. మీ మేనేజర్‌కు ఈ ఆలోచన చెప్పి చూడండి, కొన్ని శాఖలు దీనికి సంతోషంగా ఒప్పుకుంటాయి, మంత్రిగారు ప్రెస్‌మీట్‌లో చెప్పుకోవడానికి కూడా బాగుంటుంది.

'మా దగ్గర చివరి నిర్ణయం మనిషిదే' అని ప్రపోజల్‌లో తప్పకుండా ఒక లైను ఉంటుంది. ఆ మనిషి ఎవరో, ఆయన రోజు ఎలా గడుస్తుందో చూడండి. పంచాయతీ కార్యదర్శో, డిజిటల్ అసిస్టెంటో, రెవెన్యూ ఇన్‌స్పెక్టరో అయి ఉంటారు, లాగిన్‌లో వందల పెండింగ్‌లు, సాయంత్రం కలెక్టరేట్ నుంచి టెలికాన్ఫరెన్స్, 'మీ మండలం ఎందుకు వెనకబడింది' అని అడుగుతారనే టెన్షన్. స్క్రీన్ మీద ఎర్రగా 'హై రిస్క్' అని ఉంటే, దాన్ని కాదని రేపు ఆడిట్‌లో దొరికిపోవడం ఎందుకని అప్రూవ్ నొక్కేస్తారు. వాళ్లను తప్పుపట్టలేం, స్క్రీన్ అలా కట్టింది మనమే. రంగులు, స్కోర్లు తీసేయండి. రెండు రికార్డులు పక్కపక్కన పెట్టి ఏ ఫీల్డ్ కలిసింది, ఏది కలవలేదు అని చూపించండి, తండ్రి పేరు, పుట్టిన సంవత్సరం, ఊరు కనబడితే ఇద్దరూ ఒకరేనా కాదా అన్నది ఆ ఊరివాళ్లకు మనకంటే బాగా తెలుసు. మెషీన్‌ను కాదనడానికి పేజీ నిండా కారణం రాయాలి, అవుననడానికి ఒక్క క్లిక్ చాలు అన్నట్టు పెట్టకండి, కావాలంటే దాన్ని తిరగేయండి. ఇంకోటి, మధ్యమధ్యలో తప్పని ముందే తెలిసిన కొన్ని ఫ్లాగ్‌లను క్యూలో కలిపి పంపండి. వాటిని కూడా అప్రూవ్ చేస్తున్నారంటే ఆ మండలంలో పరిశీలన జరగడం లేదని అర్థం, అక్కడ ప్రక్రియ ఆపాలి, ఆ ఉద్యోగికి మెమో ఇవ్వడానికి మాత్రం దీన్ని వాడకూడదని ముందే రాసుకోవాలి.

చట్టం సంగతి త్వరగా చెప్పేస్తాను. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 8వ సెక్షన్ ప్రకారం, ఒక మనిషిని ప్రభావితం చేసే నిర్ణయానికి అతని డేటా వాడుతుంటే అది పూర్తిగా, కచ్చితంగా, పొంతనతో ఉండేలా చూడాలి. నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, విడతలవారీగా అమల్లోకి వస్తాయి. ప్రభుత్వానికి అందులో వెసులుబాట్లు ఉన్నాయి, అయినా మీ ప్రపోజల్‌లో సూత్రాల పేజీ కంటే ఈ సెక్షన్ పేరు రాయడం వల్ల మీకు ఎక్కువ బలం వస్తుంది, ఎందుకంటే లీగల్ వాళ్లు కూడా దాన్ని చదువుతారు. యూరప్ ఏఐ చట్టం ప్రభుత్వ సంక్షేమ అర్హతను తేల్చే సిస్టమ్‌లను హై రిస్క్ జాబితాలోనే పెట్టింది, విదేశీ క్లయింట్లున్న కంపెనీకి ఆ మాట చెవికెక్కుతుంది.

చివర్లో మీరు తెలుగు చాట్‌బాట్ గురించి కూడా అడిగారు, ఫిర్యాదులు తీసుకోవడానికి పెట్టొచ్చా అని. ఫిర్యాదు నమోదు చేసుకోవడానికి పెట్టొచ్చు, 'మీకు అర్హత ఉంది, లేదు' అని చెప్పడానికి పెట్టకండి. 2024 ఫిబ్రవరిలో కెనడాలో ఒక ట్రిబ్యునల్, ఎయిర్ కెనడా చాట్‌బాట్ ప్రయాణికుడికి చెప్పిన తప్పుడు సమాచారానికి కంపెనీయే బాధ్యత వహించాలని తీర్పిచ్చింది. అక్కడ నష్టం టికెట్ డబ్బు. ఇక్కడ 'మీకు రాదు' అని బాట్ చెబితే ఆ ముసలామె ఇంకెవరినీ అడగకుండా ఇంటికి వెళ్లిపోతుంది, ఏ లాగ్‌లోనూ ఫిర్యాదు కనబడదు. శ్రీకాకుళం మాట, ఆదిలాబాద్ మాట, అనంతపురం మాట దానికి వినిపించి చూడకుండా 'తెలుగు సపోర్ట్ ఉంది' అని రాయకండి కూడా.

మీరు చిన్న ఉద్యోగిని అన్నదానికి: థ్రెషోల్డ్, అంటే స్కోరు ఎంత దాటితే ఫ్లాగ్ పడాలనే గీత, ఎంత పెట్టాలి అన్న ప్రశ్న మీ దాకా వస్తుంది, పై వాళ్లు 'ఏదో ఒకటి పెట్టండి' అంటారు. పెట్టకండి. ఈమెయిల్‌లో రాయండి: 'థ్రెషోల్డ్ ఇంత పెడితే ఇన్ని అర్హ కుటుంబాలకు పొరపాటున ఫ్లాగ్ పడుతుంది, అంత పెడితే అన్ని. ఏది కావాలో శాఖ రాతపూర్వకంగా చెప్పాలి.' ఇలా రాస్తే మీరు ఎవరినీ ఎదిరించినట్టు కాదు, మీ పని మీరు సరిగ్గా చేసినట్టే. నిర్ణయం ఎవరిదో వాళ్ల పేరు మీద నమోదవుతుంది. నా అనుభవంలో ఆ సంఖ్యలు రాతపూర్వకంగా ముందుకొచ్చాక ఏ అధికారీ గుడ్డిగా సంతకం పెట్టలేదు, అడుగుతారు, తగ్గిస్తారు, ముందు ఒక మండలంలో చూద్దాం అంటారు.

ఆ 'ఒక మండలం' మాట రాగానే పట్టుకోండి. కొన్ని నెలలు సిస్టమ్ నడవనివ్వండి, కానీ దాని ఫలితం ఎవరి కార్డునూ తాకకూడదు. ఫ్లాగ్ పడినవాళ్లలో కొందరిని, పడనివాళ్లలో కొందరిని లాటరీ తీసినట్టు ఎంచుకుని ఇంటింటికీ పంపండి, వెళ్లేవాళ్లకు ఎవరికి ఫ్లాగ్ పడిందో చెప్పకండి, వీలైతే మీరూ వాళ్లతో వెళ్లండి. రవాణా శాఖ డేటా చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయిందో, అందులో వాహనం రకం కాలమ్ ఎంత శాతం ఖాళీగా ఉందో ఈ వారమే కనుక్కోండి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఒక క్వెరీ చాలు. ఆ రెండు సంఖ్యలు, శాంపిల్ ఫలితాలు చేతికొచ్చాక కింద రాయండి, థ్రెషోల్డ్ ఎక్కడ పెట్టాలో, అసలు పెట్టాలో వద్దో అప్పుడు లెక్కలు ముందు పెట్టుకుని చూద్దాం.